దీవికి నేను వేసిన వంతెన

పేపరు చదవడం వేరు, రాయడం వేరు. నేను ఐదో తరగతి దాకా చదివాను, అదీ మధ్యలోనే మానేశాను. వరసగా చెప్పలేకపోతే ఏమీ అనుకోకండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. ఈసారి ఏదీ కలపలేదు.

పోర్టులో కలాసీగా రిటైరైన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, మేం విశాఖపట్నం టౌనుకి ఎదురుగా, ఓడలొచ్చే కాలువకి ఇవతలి ఒడ్డున ఉండేవాళ్లం. ఒక పక్క కాలువ, ఒక పక్క సముద్రం, వెనకాల కొండ. నిజానికి అది దీవి కాదు. కానీ పూర్ణా మార్కెట్టుకెళ్లి కిలో వంకాయలు తెచ్చుకోవాలన్నా పడవే గతి, అందుకని అందరం దీవి అనే అనేవాళ్లం. ఇనప ఖనిజం ఓడ ఏదైనా కాలువలోకి వచ్చిందంటే, అది కదిలిపోయేదాకా పెళ్లికొడుకైనా సరే ఒడ్డున గొంతుక్కూర్చోవలసిందే.

పడవ నడిపేవాడు నా చిన్ననాటి స్నేహితుడు. ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. పొద్దున్న మొదటి పడవలో అతను పేపరు తెచ్చేవాడు. రేవు పక్క టీ కొట్టులో కూర్చుని నేను పైకి చదివేవాణ్ణి. చదువొచ్చిన కుర్రాళ్లు అప్పటికే టౌనుకి పోయేవారు. సాయంత్రం వాళ్లొచ్చేసరికి పేపరు పకోడీల పొట్లాలైపోయేది. కాబట్టి లోకంలో ఏం జరిగిందో దీవికి నేనే చెప్పాలి.

ఊరికే చదివేవాణ్ణి కాదు. స్టీల్ ప్లాంటు గురించి వార్త వస్తే, జపాను యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డ రోజు గురించి కూడా చెప్పేవాణ్ణి. రెండింటికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. మొదటిసారి చెప్పినప్పుడు విమానాలు మూడో నాలుగో. ఏడాది తిరిగేసరికి ఆకాశం కనబడనన్ని వచ్చేశాయి.

అంతా బాగానే ఉందనుకుంటుండగా మా దీవిలోనే ఉండే క్రేన్ ఆపరేటరు ఒకతను ట్రాన్సిస్టరు కొన్నాడు. దానికి తోలు సంచీ, భుజానికి తగిలించుకునే పట్టీ. నేను కళ్లద్దాలు తుడుచుకుని మొదటి వార్త అందుకోగానే అతను అడ్డొచ్చేవాడు.

"అది రేత్రే రేడియోలో సెప్పీసినారు మాఁవా."

"మరి ఇదీ?"

"అదీ సెప్పీసినారు."

జనం మెల్లగా అతని బెంచీకి జరిగారు. టీ కొట్టావిడ నాకు టీ ఇవ్వడం కూడా మర్చిపోయింది. మూడో రోజు కడుపు మండిపోయి, పేపరు మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని చదివేశాను.

"మన దీవికి టౌను నుంచి ఒంతెన ఏత్తారంట. స్టీల్ ప్లాంటు లారీలు దాని మీంచే ఎల్తాయంట." పేపరు దించి క్రేన్ ఆపరేటరు వైపు చూశాను. "ఇది సెప్పిందేట్రా నీ రేడియో?"

నా టీ వెంటనే వచ్చింది, దాంతో పాటు బిస్కట్టు కూడా.

వంతెన ఎక్కడ దిగాలన్న దానిమీద అప్పుడే తగువు మొదలైంది. టీ కొట్టావిడ తన కొట్టు ముందే దిగాలంది. చేపలమ్మే ఆవిడ బస్సులో కిటికీ పక్క సీటు తనదేనని అందరిముందూ ఖాయం చేసేసుకుంది. పడవ బావ మాత్రం తెడ్డు తీసుకుని వెళ్లిపోయాడు. నేను బిస్కట్టు ధ్యాసలో ఉండి పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే పడవ ఇసకలోకి లాగి ఉంది. బావ దాని అడుగున పట్టిన నాచు గోకుతున్నాడు.

"ఏటి బావా, కడిగీసి ముస్తాబు సేత్తన్నావ్?"

"అమ్మీస్తన్నాను. రేపొద్దున్న అవతలొడ్డు మనిసొచ్చి తీసుకెల్తాడు. ఒంతెన పడ్డాక దీన్నెవుడెక్కుతాడు? ఇప్పుడైతేనే ఎవుడో ఒకడు కొంతాడు."

ఆ పడవ వాళ్ల నాన్నది. బావకి ఇంకో పని రాదు.

"ఒంతెనా నేదు, ఏటీ నేదు బావా. నానే కల్పించీసినాను."

అతను గోకడం ఆపి నా భుజమ్మీద చెయ్యేశాడు. "నా కోసం అబద్దమాడకు బావా. నీది మంచి మనసు."

టీ కొట్టుకి పరుగెత్తి బెంచీ మీద నిలబడి అందరికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

"పేపర్లో రాయంది నువ్వెలాగ సదివీసేవు?" అంది చేపలావిడ.

"నిన్నటి పేపరు తే, మల్లీ సదువుతాను."

"అదెక్కడిదీ, పకోడీలతో ఎల్లిపోయింది," అంది కొట్టావిడ.

ఆ రోజు పేపరు చూపించి ఇందులో ఎక్కడా లేదు చూడండన్నాను. "రోజూ రాత్తారేటి? ఓపాలి సెప్పినారు, అయిపోయింది," అన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. క్రేన్ ఆపరేటరు ఇంటికి వెళ్లాను. అతను అన్నం తింటూ అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని, "నా రేడియోయే నిజమని అందరి ముందరా అను మాఁవా, అప్పుడు వార్తలు పెడతాను," అన్నాడు. టీ కొట్టు ముందుకొచ్చి అన్నాను. రెండోసారి ఇంకా గట్టిగా అనమన్నాడు. అలాగే అన్నాను.

సాయంత్రం వార్తల వేళకి అందరూ పడవ చుట్టూ చేరారు. ట్రాన్సిస్టరు పడవలో పలక మీద పెట్టారు. వానలు, పంచదార, మంత్రిగారి పర్యటన అయ్యాయి. అంతలో రేడియోలో గొంతు "వంతెన" అంది. బావ పడవ అంచు పట్టుకుని ముందుకి వంగాడు. నేను పుట్టించిన వంతెన రేడియోలోకి ఎలా దూరిందో అర్థం కాలేదు. చివరికి అది గోదావరి జిల్లాలో ఎక్కడో మరమ్మతు చేస్తున్న వంతెన అని తేలింది. వార్తలు అయిపోయాయి.

"నిన్న పొద్దున్న నుంచి అన్ని పూటలూ ఇన్నాను. మన ఒంతెన మాట నేదు," అన్నాడు క్రేన్ ఆపరేటరు, జడ్జీగారిలా.

బావ నా వైపు తిరిగాడు. "అయితే నువ్వు నిజంగానే అబద్దమాడినావా?"

"నిజంగానే."

"ఆ మనిసికి మాటిచ్చీసినాను కదేటి బావా! రేపు నువ్వే సెప్పు. నాకు సిగ్గు."

పొద్దున్న అవతలొడ్డు మనిషికి నేనే చెప్పాను. అతను తనొచ్చిన పడవలో తిరిగి వెళ్తూ కాలువ మధ్యకి చేరేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. పడవ ఇంకా ఇసకలోనే ఉంది. సాయం పట్టమని జనాన్ని పిలిచాను. ఒక్కరూ కదల్లేదు. బావ పడవెక్కి తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. అరవై దగ్గర పడ్డ నేను పంచె ఎగ్గట్టి వెనక నుంచి తోస్తున్నాను.

"ఇంకా తొయ్యి బావా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "అంత పెద్ద ఒంతెన ఒక్కడివే ఏసీసినావు, పడవ తొయ్యలేవేటి?"