అర్థశాస్త్ర సప్తాహం

ఆ రోజుల్లో మా ఇంట పుస్తకమంటే చదివేది కాదు, పారాయణ చేసేది. కొల్లేటి ఒడ్డున వరిపొలాలు చేసుకునే మా కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కావడం వల్ల, పాఠ్యపుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పగలిగినవారు ఇంట్లో లేరు. దూరవిద్య కనుక అధ్యాపకుల దర్శనం ఏలూరులోని అధ్యయన కేంద్రంలో ఏ ఆదివారమో తప్ప లభించేది కాదు. మొదటి సంవత్సరం అర్థశాస్త్రం తప్పాను. మా నాన్న కోప్పడలేదు. అన్నం కలుపుకుంటూ, "ఆకివీడులో చేపల లారీల దగ్గరకి మనిషి కావాలంటున్నారు. ఈసారి కూడా పోతే అక్కడ చేరిపో. ఆలోచించుకో" అన్నారు. (ఆయన ఆలోచించుకోమన్నారంటే, ఆలోచించడం ఆయన వైపు పూర్తయిందని అర్థం.)

అప్పుడు నా చదువు బాధ్యతను మా మేనత్త స్వీకరించింది. ఏటా పురాణ పారాయణను నియమం తప్పకుండా సాగించే మనిషి కావడంతో, పుస్తక విషయాల్లో ఆమె మాటకు మా ఇంట తిరుగులేదు. "కాళ్లయినా కడుక్కోకుండా మంచమ్మీద దొర్లుతూ చదివితే ఒంటబడుతుందిరా?" అని రోగనిదానం చేసింది. స్నానం చేసి, తూర్పుముఖంగా కూర్చుని, పైకి చదవాలి. ఒక్క వాక్యమూ విడిచిపెట్టకూడదు. మధ్యలో లేస్తే ఆ అధ్యాయం మళ్లీ మొదటినుంచీ చదవాలి. నేను శ్రద్ధగా పాటించాను. అయితే గేదె తాడు తెంచుకునేది, ఫోను మోగేది, వీధిలో ఎవరో ఒకరు "ఏవండీ, నాన్నగారున్నారా అండీ?" అనేవారు. ఫలితంగా మొదటి అధ్యాయం నాకు కంఠతా వచ్చింది. చివరి అధ్యాయం ఉన్నదని విషయసూచిక వల్ల మాత్రమే తెలుసు.

పరీక్ష దగ్గరపడగానే మేనత్త సప్తాహం నిర్ణయించింది. పుస్తకాన్ని ఏడు రోజులకు పంచి చదవాలి, చివరి రోజు పులిహోర. ఆ పులిహోర వార్త వల్లనేమో, ఇరుగుపొరుగు ఆడవారు మొదటి రోజునుంచే చాపల మీద కూర్చుని డిమాండు సూత్రాన్ని భక్తితో ఆలకించసాగారు. వారిలో పక్కింటి చెరువు పిన్ని ఒకరు. (వారికి చేపల చెరువు ఉండడం వల్ల ఆ పేరు.) రెండో రోజున ఆవిడ చెయ్యెత్తింది.

"ధర తగ్గితే జనం ఎక్కువ కొంటారన్నావు కదా బాబూ. మరి కార్తీకంలో మా చేప ధర పడిపోయినా కొనే నాథుడుండడే? ఆ పుస్తకం రాసినాయనకి కార్తీకమాసం తెలీదా?"

నేను గంభీరంగా, "అది ముందు ముందు వస్తుంది పిన్నీ" అన్నాను. వస్తుందో రాదో నాకు తెలిస్తే కదా!

"పారాయణలో ప్రశ్నలేవిటే? విని దణ్ణం పెట్టుకో" అని మేనత్త కసిరింది.

"అదేంటండీ వదినగారూ! కథ వింటూ సందేహం అడగరేంటండీ?"

ఆ మధ్యాహ్నం భోజనం చేసి, వీధరుగు మీద కాళ్లు చాపుకుని, పడమటి ముఖంగా, పుస్తకాన్ని నడిమధ్యలో తెరిచాను. (నియమాలన్నీ ఒక్కసారే పోయాయి.) మొదటిసారి నేను పిన్ని ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివాను. శీర్షికలు చూసుకుంటూ, అక్కర్లేనివి దాటుకుంటూ పోయి, చివరకు రోజూ చదివే పేజీలోనే ఆగాను. 'ఇతర పరిస్థితులు మారనప్పుడు' అని ఉంది. ఆ మాటను ఎన్ని ఉదయాలు ఎంత శ్రావ్యంగా పలికానో! దానికి అర్థం కూడా ఉంటుందన్న అనుమానం మాత్రం నాకు కలగలేదు. పరుగున చెరువుగట్టుకు వెళ్లి, "కార్తీకంలో ధరొక్కటే కాదు పిన్నీ, జనం మనసు కూడా మారుతుంది. మనసు మారకపోతేనే ఆ సూత్రం" అన్నాను.

"అలా చెప్పు! ఇంత చిన్న మాటకి అంత రాగం తీశావేంటి బాబూ?"

అప్పటినుంచి ఉదయం పారాయణ మేనత్త కోసం, సాయంత్రం చదువు నా కోసం. ప్రతి శీర్షికనూ ముందు ప్రశ్నగా మార్చుకుని, జవాబు కోసం చదివి, పుస్తకం మూసి, పిన్నికి చెప్పేవాణ్ని. ఎక్కడ నా నాలుక తడబడితే అక్కడ పుస్తకం మళ్లీ తెరవాలి. ఎక్కడ పిన్ని ఆవులిస్తే అక్కడ నాకే అర్థం కాలేదన్నమాట.

ఏలూరులో పరీక్షనాడు డిమాండు సూత్రం పరిమితుల గురించి అడిగారు. కార్తీకమాసాన్నీ కొల్లేటి చేపనూ సాక్ష్యంగా పిలిచి రాశాను. ఫలితం ఫోనులో చూసి, ప్యాసయ్యానని చెప్పగానే నాన్న కండువా భుజాన వేసుకుని లేచారు. "ఆ లారీలవాళ్లు పాపం ఎదురుచూస్తుంటారు. ఇంకో మనిషిని చూసుకోమని చెప్పొస్తాను" అని, ఫోను చేస్తే సరిపోయే మాటకు బస్సెక్కి ఆకివీడు వెళ్లారు. మేనత్త కొబ్బరికాయ కొట్టి, మళ్లీ పులిహోర కలిపి పంచుతూ, "చూశావురా, సప్తాహం ఊరికే పోతుందా!" అంది. పిన్ని ఏదో అనబోయి, చేతిలో పులిహోర పడడంతో ఊరుకుంది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసుకుంటూ మరో పరీక్షకు సొంతంగా చదువుతున్నాను. ప్రశ్న వేసుకుంటాను, చదువుతాను, పుస్తకం మూసి గోడకు చెబుతాను. (గోడ ఆవులించదు, అదే దాని లోపం.) కానీ పుస్తకం తెరిచేముందు కాళ్లు కడుక్కోవడం మానలేకపోయాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదటి పేజీ పైకే చదువుతాను కూడా. అది అర్థం కోసం కాదు. తడిజుట్టుతో తూర్పుకేసి కూర్చున్న ఆ కుర్రవాడి రాగం ఎలా ఉండేదో విందామని.