నోరు తెరువుమన్న సారు

వరంగల్ కొత్తవాడలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మహిత యూనివర్సిటీలో క్రిమినాలజీకి చేరినప్పుడు, వాడకట్టంతా అది పోలీసు చదువనే అనుకుంది. కాదని చెప్పీ చెప్పీ ఆమె విసిగిపోయింది. మనిషి మనిషినెందుకు హింస పెడతాడో తెలుసుకునే చదువని తండ్రి ఓంకార్‌కు చెబితే, ఆయన తెగిన పోగు ముడివేస్తూ, "తెలిస్తె నాక్గూడ జర చెప్పు బిడ్డా" అన్నాడు. మొదటి ఏడాదంతా ఆమెకు ఆ చదువంటే ప్రాణం.

రెండో ఏడాది శేఖర్ సారు క్లాసు మొత్తాన్ని బస్సులో తొర్రూరు దిక్కు పల్లెకు తీసుకుపోయాడు. అక్కడ భద్రమ్మ అనే కూలి మనిషి ఉంది. పక్కింటి పిల్లకు జ్వరం తగ్గకపోతే ఈమె బాణామతి చేసిందని ఊళ్ళో మగవాళ్ళు పట్టుకుని, మళ్ళీ మంత్రం పలకకూడదని పట్కారుతో ముందు పళ్ళు పీకేశారు. కేసు ఇంకా కోర్టులోనే నలుగుతోంది.

భద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడింది. సారు కాసేపు విన్నాడు.

"నోరు తెరువమ్మా, పిల్లలు చూస్తరు."

ఆమె తల దించుకుంది.

"సదువుకునే పిల్లలే గదా, సిగ్గెందుకు?"

ఆమె కొంగు తీసింది. ఫోన్లు పైకి లేచాయి. పవన్ అనే విద్యార్థి ముందుకు వంగి, "జర ఎల్తురు దిక్కు తిరుగు పెద్దమ్మా" అన్నాడు. ఆమె తిరిగింది. ఇంకొకరు ఇటన్నారు. ఇటూ తిరిగింది. ఎటు తిప్పితే అటు తిరుగుతున్న ఆ ముఖాన్ని మహిత చూడలేకపోయింది. గోడ అవతలికి పోయి కక్కుకుంది. ఆ చిగుళ్ళను చూసి కాదు.

సారు వచ్చి నీళ్ళ సీసా అందించాడు. "మొదట్ల అట్లనే ఉంటది. నాలుగు కేసులు చూస్తె అలవాటైతది."

తిరుగుదారిలో వర్ధన్నపేటలో బస్సాపి బిర్యానీ తిన్నారు. "మంచి కేసు దొరికింది" అంటూ సారు ఎముక చీకుతుంటే, ఎదురుగా కూర్చోలేక మహిత లేచిపోయింది.

ఆ నెలలోనే సెమినార్ జరిగింది. తెర మీద తలుపంత వెడల్పున భద్రమ్మ నోరు, కింద ఆమె పేరు, ఊరు. సారు లేజర్ ఎర్రచుక్కతో చిగుళ్ళు చూపిస్తూ వివరించాడు. హాలంతా చప్పట్లు. మహిత లేచి నిలబడింది.

"ఇట్ల చూపెడ్తమని ఆమెను అడిగిండ్రా సార్?"

"ఆమెకేం తెలుస్తయి ఇవన్ని? కూసో."

కూర్చోలేదు. బయటికి నడిచింది. ఆదివారం ఒక్కతే ఆ పల్లెకు పోయి జరిగినదంతా భద్రమ్మకు చెప్పింది.

భద్రమ్మ నోటి మీదికి కొంగు లాక్కుంది. తర్వాత, "నవ్విండ్రా?" అంది.

"లేదు పెద్దమ్మా. చప్పట్లు కొట్టిండ్రు."

"ఆనాడు మా ఊరోళ్ళు గూడ కొట్టిండ్రు" అంది భద్రమ్మ.

మరునాడు మొదటి బస్సుకే ఆమె వరంగల్ వచ్చింది. మహిత వెంట సారు గదిలోకి పోయి, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే అడిగింది.

"నా బొమ్మ తీసెయ్యి సారూ."

ఇది పరిశోధన కోసమని, కావాలంటే పేరు మారుస్తానని సారు నచ్చజెప్పాడు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. ఆమె కూర్చోలేదు, చాయ్ ముట్టలేదు. "తీసెయ్యి" అని మళ్ళీ అంది. గుమ్మం దగ్గర పిల్లలు గుమిగూడుతుంటే, సారు ముఖం మాడ్చుకుని ఒక్కొక్క ఫొటో తుడిపేశాడు. పవన్ కూడా తలెత్తకుండా తన ఫోనులోవి తీసేశాడు. ఇంకా ఎన్ని ఫోన్లలో ఉన్నాయో ఎవరికి తెలుసు? ఆ మాట మహిత ఆమెతో అనలేకపోయింది.

చదువు మానేద్దామనుకుంది గానీ మానలేదు. తన పరిశోధనకు సారును వద్దని ప్రేమలత మేడం దగ్గరికి మారింది.

తర్వాతి బ్యాచ్ ఇంకో ఊరికి బయల్దేరే ముందు డిపార్ట్‌మెంటు గోడ మీద శేఖర్ సారు సంతకంతో నోటీసు వెలిసింది. ఇకనుంచి బాధితుల ఫొటోల్లో కళ్ళ మీద నల్లపట్టీ వేయాలట. మహిత ఆసాంతం చదివి, వాళ్ళను అడగాలన్న మాట ఎక్కడా కనబడక, వరండా చివరికి పోయి ఉమ్మేసి వచ్చింది.