రాహేలు మోసిన బోనం

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువులు నాకు కొత్త కాదు. ఆర్మూరు పసుపు మండీలో బస్తాలు ఎత్తినదాన్ని. బస్తానైతే ఎక్కడో ఒకచోట దించుతాం. దీన్ని దించే చోటు దొరకలేదు. చర్చిలో దించలేకపోయాను. కన్నకొడుకు ముందు దించలేకపోయాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీ ముందు దించుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూస్తూ చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకుని చదువు. ఈ అక్షరాలు నాకు ఎవరు నేర్పారో కూడా చెప్పాలి. అది చెప్పడమే కష్టం.

మాది చిన్న చర్చి సంఘం. పసుపు పనికి, బీడీల పనికి పోయే ఇళ్లే ఎక్కువ. మాలో ఎవరైనా వేదాంత కళాశాలకు వెళ్లాలంటే ఒక పద్ధతి ఉంది. వాళ్ల పేరు మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు. ఈ మనిషి ఈ సేవకు తగదని ఎవరికైనా తెలిస్తే లేచి చెప్పండని అయ్యగారు అడుగుతారు. అయ్యగారంటే మా పాస్టరు. ఎవరూ లేవకపోతే ఆ పేరు పైకి వెళుతుంది. ఎవరైనా లేస్తే ఆగిపోతుంది.

ఆ చదువు చదివినవాళ్లంతా తెల్ల అంగీ వేసుకుని ప్రసంగాలు చెబుతారని నేననుకునేదాన్ని. కాదని చెప్పింది మా పక్కింటి పిల్ల రాహేలు. కొందరు కుష్ఠురోగుల దగ్గర ఉంటారట. కొందరు జైళ్లకు వెళ్లి ఖైదీలతో మాట్లాడతారట. హాస్టల్లో దిక్కులేని పిల్లలను చూసుకునేవాళ్లు, చెవిటి పిల్లల బడిలో చేరేవాళ్లు కూడా ఉంటారట. దవాఖానలో మంచాల మధ్య తిరుగుతూ, చావుకు దగ్గరైనవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చోవడమే పనిగా పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారట.

రాహేలుకు కావలసింది ఆ చివరి పని. ఆమె తల్లి దవాఖానలో ఒంటరిగా చనిపోయింది. మంచం పక్కన ఎవరూ లేరు. అప్పుడు రాహేలు చిన్నపిల్ల. తర్వాత అమ్మమ్మే పెంచింది. మా ఇంటి గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఇంటరు పాసయింది. పసుపు కాలంలో మాతో పాటే మండీకి వచ్చేది. ఆడపిల్లలను ఆ చదువుకు పంపడం అప్పుడప్పుడే మొదలవుతోంది. మా కమిటీ ఆమె పేరునే ముందు రాసింది.

రెండో పేరు నా కొడుకు సుందర్‌ది. ఆ ఏడు మా సంఘం నుంచి ఒక్కరికే చోటు. రాహేలు వెళ్లలేకపోతేనే సుందర్.

ఇప్పుడు బోనం సంగతి చెప్పాలి.

అంతకు ముందు వానాకాలం సుందర్‌కు విషజ్వరం పట్టుకుంది. వాడి తండ్రి దుబాయిలో ఉన్నాడు. ఆర్‌ఎంపీ సూదులు పని చేయలేదు. ప్రార్థనలు చేశాం. చర్చి అంతా మా ఇంట్లో మోకరించింది. వాడు మాత్రం రోజురోజుకూ మంచానికి అతుక్కుపోయాడు. ఒక మధ్యాహ్నం నీళ్లకు పోయినప్పుడు, ఊరి చివర ఉన్న పోచమ్మ వైపు తిరిగి నిలబడ్డాను. పుట్టింట్లో చిన్నప్పుడు మొక్కిన అమ్మే. నా బిడ్డను బతికిస్తే బోనం పెడతానని లోపలే అనుకున్నాను. బయటికి ఒక్క మాట రాలేదు. వాడు బతికాడు. సూదులు బతికించాయా, ప్రార్థన బతికించిందా, పోచమ్మ బతికించిందా? నాకు తెలియదు. తెలియదు కాబట్టి మొక్కు ఎగ్గొట్టాలంటే భయమేసింది. మళ్లీ జ్వరం వస్తే?

మా సంఘంలో బోనం పెట్టినవాళ్లకు ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఆ ఇంటి నుంచి ఎవరినీ సేవకు పంపరు. అది తెలిసే, పసుపు ఉడికించే రోజుల్లో, తెల్లవారి అందరూ పొయ్యిల దగ్గర ఉండే వేళ చూసుకుని బయలుదేరాను. కొత్త కుండకు పసుపు పూసి, లోపల బెల్లపన్నం పెట్టి, పైన దీపం పెట్టాను. కొంగు మొహం మీదికి లాక్కున్నాను. దారిలో కాళ్లు తడబడ్డాయి. కుండ ఒరిగింది. పుల్లలకు వచ్చిన రాహేలు నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"జర దించు పెద్దమ్మా, కుండ ఒరుగుతున్నది. కుండ పడితే పోచమ్మ నిన్ను కొడ్తది, గది చూస్తే అయ్యగారు నన్ను కొడ్తడు," అని నవ్వింది.

ఆ కుండను తన తలకెత్తుకుంది. పోచమ్మ గద్దె వరకు తెచ్చి దించింది. తాను మొక్కలేదు. పక్కకు పోయి, నా మొక్కు అయ్యేదాకా అటు తిరిగి నిలబడింది. ఎందుకు పెట్టావని అడగలేదు. తప్పు అనలేదు.

మేమిద్దరమే ఉన్నామనుకున్నాం. చర్చి పెద్దగారి భార్య అటుగా వెళుతూ చూసింది. కుండ తలమీద ఉన్న రాహేలును గుర్తుపట్టింది. కొంగు కప్పుకున్న నన్ను గుర్తుపట్టలేదు.

రెండో ఆదివారం రాహేలు పేరు చదివినప్పుడు పెద్దగారి భార్య లేచింది. "గీ పిల్ల పోచమ్మకు బోనమెత్తింది. నా కండ్లతో చూసిన," అంది.

చర్చి అంతా గుసగుసలు. అయ్యగారు రాహేలును ముందుకు పిలిచారు. నిజమేనా అని అడిగారు. ఎత్తుకున్నానని ఆమె చెప్పింది. ఎవరిదని అడిగారు. ఆమె తలవంచుకుంది. మళ్లీ అడిగారు. మాట్లాడలేదు. నా వైపు చూడను కూడా లేదు.

అయ్యగారు మంచి మనిషి. ఆ పిల్లను కాపాడాలనే చూశారు. ఇంకొకరి కుండను దారిలో అందుకుని ఉంటే మందలించి వదిలేసేవారని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆయన నా వైపు తిరిగారు. "మీరు పక్కింటివాళ్లు కదమ్మా, మీకేమైనా తెలుసా?" అన్నారు. ఒక మంచి మాట కోసమే నన్ను అడిగారు.

తెలియదంటే సరిపోయేది. ఆ ఒక్క మాటా నా నోట రాలేదు. నేను లేచి, "మొక్కు ఆమెదే అయ్యగారూ. కాళ్లకు పసుపు కూడా పెట్టుకుంది," అన్నాను.

అందరూ రాహేలు పాదాల వైపు చూశారు. పచ్చగా ఉన్నాయి. ఉండవా? ముందురోజు దాకా ఆమె మండీలో కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని పసుపుకొమ్ములు తొక్కింది. కొమ్ములు నునుపు కావాలంటే అలాగే తొక్కాలి. ఎంత చుట్టుకున్నా పసుపు లోపలికి దిగుతుంది, వారాలు వదలదు. ఆ కాలంలో మా అందరి కాళ్లూ అలాగే ఉంటాయి. చర్చిలో సగం మందికి అది తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క జత పాదాలనే చూశారు. ఎందుకంటే చూపించింది నేను. నేను మాత్రం నా కాళ్లను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను.

ఆ లాక్కోవడం నాకు బాగా గుర్తుంది. అబద్ధం భయంతో వచ్చిందని నాకు నేను చెప్పుకోవచ్చు. మరి కాళ్లు దాచుకునే తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? కొడుకు కోసం చేశానా? నా పరువు కోసం చేశానా? ఆ క్షణంలో సుందర్ పేరు నా మనసులో ఉందా, లేదా? ఎన్నోసార్లు వెతికాను. ఉందనే అనిపిస్తుంది. ముందు నుంచే ఉందేమో అని కూడా అనిపిస్తుంది.

మర్నాడు మండీలో ఇద్దరికీ ఒకే కుప్ప దగ్గర పని పడింది. పక్కపక్కనే కొమ్ములు తొక్కుతున్నాం. నేనే అడిగాను.

"ఎందుకు చెప్పలేదే? గట్ల నోరు మూసుకొని నిలబడ్డవు. నా దిక్కు ఒక్క వేలు చూపెడితే అయిపోతుండె కదా."

"చూపెడితే ఏమైతుండె? కుండ మోసిన గనక నేను పోకపోతుంటి, మొక్కు నీది గనక సుందర్ గూడ పోకపోతుండె. ఒక్క సీటుకు ఇద్దరం ఇంట్ల కూసొని బీడీలు చుడుతుంటిమి," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నన్ను తిట్టు బిడ్డా."

"తిడితే నీకు నిమ్మళమైతది. నేను తిట్ట." కాళ్లు ఆపకుండానే అంది. "రేపు దవాఖానల ఎవలో ఒకామె తన కడుపుల ఉన్నది నాకు చెప్పుకుంటది. గది నేను పదిమందిల పెట్టేదాన్నయితే గా చదువు నాకెందుకు పెద్దమ్మా? గందుకే చెప్పలే."

అప్పుడు ఆమె నా మొహంలోకి చూసి, మెల్లగా అంది.

"నువ్వే లేసి చెప్తవనుకున్న."

వెనక నుంచి మేస్త్రి అరిచాడు. "ఏందే గా ముచ్చట్లు? ముచ్చట్లకు కొమ్ములు నునుపైతయా? తొక్కుండ్రి!"

తొక్కాం. మూడో ఆదివారం ఇంకా మిగిలే ఉంది. నేను లేచి చెప్పి ఉండవచ్చు. అదే ఆమె అడగకుండా అడిగింది. ఆ ఆదివారం నుంచి మూడు వారాలు చదివింది సుందర్ పేరు. ఎవరూ లేవలేదు. నేను కూడా లేవలేదు.

సుందర్ చదువుకున్నాడు. దవాఖానలో సేవకు వెళ్లాడు. రాహేలు కోరుకున్న పని అదే. వాడు చెడ్డవాడైతే నాకు కొంత తేలికగా ఉండేదేమో. దేవుడు శిక్షించాడు అనుకునేదాన్ని. వాడు మంచివాడయ్యాడు. రోగుల ఇళ్ల నుంచి మనుషులు వచ్చి నా చేతులు పట్టుకుంటారు, ఎంత మంచి బిడ్డను కన్నావమ్మా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా కాళ్లు చీర కిందికి లాక్కుంటాను. అలవాటైపోయింది.

రాహేలును ఇందల్వాయిలో ఇచ్చారు. కొన్నేళ్లకు భర్త పోయాడు. పిల్లలు లేరు. తిరిగొచ్చి అమ్మమ్మ ఇంట్లోనే బీడీలు చుట్టింది. పెద్దవాళ్లకు చదువు నేర్పే బడి మా వాడకు వచ్చినప్పుడు, సాయంత్రాలు ఆమే చెప్పేది. నేను పోనన్నాను. సిగ్గు అన్నాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. "కొడుకు అంత చదివిండు, తల్లి ఏలిముద్ర ఏస్తదా? నడువు," అంది.

నా వేళ్లను తన వేళ్లలో పట్టుకుని దిద్దించింది. ముందు ఏం రాస్తావని అడిగితే కొడుకు పేరన్నాను. రాయించింది. బలపం పక్కన పెట్టి చెప్పేయాలనిపించింది. ఏమని చెప్పాలి? ఆమెకు తెలియనిది ఏముంది? చెప్పవలసింది ఆమెకు కాదు, అందరికీ. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ బడిలో ఆమె ఒక్కనాడూ ఆ ముచ్చట తీయలేదు.

పోయిన వానాకాలం రాహేలుకు కిడ్నీలు పాడయ్యాయి. సుందర్ పని చేసే దవాఖానలోనే చేర్చాం. ఆఖరి ఘడియలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది నా కొడుకే. నేను బయట వసారాలో ఉన్నాను. లోపలికి పోలేకపోయాను.

వాడు బయటికి వచ్చాక అడిగాను. "ఏమన్నా చెప్పిందారా?"

"చెప్పింది."

"ఏం చెప్పింది?"

వాడు నన్ను చాలాసేపు చూశాడు. "గది నాతోనే ఉంటదమ్మా. అక్కడ విన్నది మేం బయట చెప్పం," అన్నాడు.

వాడికి తెలుసా? ఆ చూపులో ఏముంది? నాకు తెలియదు. నన్ను చూసే చూపు తర్వాతేమీ మారలేదు. మారనందుకే భయం. వాడిని అడగలేను. అడిగితే నేనే చెప్పినట్టు. వాడు చెప్పడు. చెప్పకూడదని వాడికి కళాశాలలో నేర్పారు. ఆమెకు ఎవరు నేర్పారు?

సమాధి దగ్గర పెద్దగారి భార్య నా భుజం మీద చెయ్యి వేసింది. ముసలిదైంది, మనసులో కల్మషం లేదు. "మంచి పిల్ల. గా ఒక్క బోనం ఎత్తకపోతే ఎంత గొప్పదయ్యేదో," అని కళ్లు తుడుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మట్టి ఇంకా వేస్తూనే ఉన్నారు. ఆ మట్టితో పాటు నా అబద్ధం కూడా ఆమె మీద పడుతోంది. ఒక్క మాట చాలు. నా నోట రాలేదు. మళ్లీ రాలేదు.

పోయిన ఆదివారం మా చర్చిలో ఒక కొత్త పిల్ల పేరు చదివారు. అదే చదువుకు పోతుందట. ఎవరికైనా ఏమైనా తెలిస్తే లేచి చెప్పండని ఇప్పటి అయ్యగారు అడిగారు. ఆ పిల్ల మీద చెప్పడానికి ఎవరికీ ఏమీ లేదు. నాకు చెప్పవలసింది ఉంది. లేచాను కూడా. అందరూ నా వైపు తిరిగారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. తన మీదే ఏదో చెబుతాననుకుంది. కూర్చున్నాను. నీళ్ల కోసం లేచానన్నాను.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు. క్షమించవలసిన మనిషి మట్టిలో ఉంది. బతికున్నప్పుడు కూడా ఆమె క్షమిస్తున్నానని అనలేదు, క్షమించనని అనలేదు. నేను లేచి చెబుతానని ఎదురుచూసింది, అంతే. లేవడం నాకు చేతకాలేదు. రాయడం ఆమె నేర్పింది కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితాలు సుందర్ చదివినా సరే, పెద్దగారి భార్యకు ఎవరైనా చదివి వినిపించినా సరే.

రాహేలు మొక్కలేదు. ఆమె కాళ్ల మీదున్నది మండీ పసుపు.

ఆ బోనం నాది.