అత్త కాళ్ళు తడవని గుండం

మొన్న ఆదివారం పక్కింటి కోడలు లీటరు సీసా నిండా వేడినీటి గుండం నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ మోకాళ్ళకి రాసుకోండి మావయ్యా, మంచిదంట" అంది. ఈ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో మా వీధి వాళ్ళంతా బస్సు మాట్లాడుకుని, వేడి ఊటలుండే బీర్భూమ్ ఎల్లొచ్చినారులెండి. సీసా ఎత్తి వెలుగులో చూసినాను. పైన జిడ్డు, అడుగున షాంపూ పేకెట్టు ముక్క. అది చాలదన్నట్టు ఫోనులో వీడియో కూడా చూపించింది. గుండం నిండా నురగ, నురగ మీద బిస్కెట్ కాగితాలు. మనవాడే ఒకాయన నడుం లోతు నీళ్ళలో నిలబడి పుక్కిలించి అక్కడే ఉమ్మినాడు. ఆ పక్కనే ఒకావిడ అవే నీళ్ళు దోసిట పట్టి నెత్తిన జల్లుకుంది. ఛీ! ఫోను పక్కకి నెట్టేసినాను. మీ ఇంట్లో నూతిలో కూడా ఇలాగే ఉమ్ముతారేటి అని అడగబోయి ఆగిపోయినాను. గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు గానీ, నా నలుపు నాకు బాగానే తెలుసు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ పని చేసేవాడు. ఏటా చలికాలంలో పాసు రాయించి మమ్మల్నందర్నీ ఆ గుండాలకే తీసుకెళ్ళేవాడు. ఆయన చాదస్తం మాకు నవ్వులాట. ముందు బోరింగు కాడ బాల్టీతో ఒళ్ళు రుద్దుకోవాలి, నెత్తి నూనె వదలాలి, సబ్బు అక్కడే పెట్టెయ్యాలి, ఆ తర్వాతే గుండం. చలికి పళ్ళు టకటకలాడుతుంటే, "గుండంలో దిగేది కడుక్కోడానికి కాదురా, కాపడానికి" అనేవాడు. ఆ కాపడం కోసం ఏడాదంతా ఎదురుచూసేది మా మేనత్త. నాన్నకి అక్క, చిన్నతనంలోనే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. మోకాళ్ళు వాచిపోయి గోల్‌బజార్ దాకా నడవడం కూడా మానుకుంది. ఆ నీళ్ళలో గంటసేపు కాళ్ళు పెడితే నెల్లాళ్ళు కంటినిండా నిద్రపడుతుందనేది.

నేను వర్క్‌షాపులో చేరిన ఏడు, షిఫ్టు దిగి అలాగే ఇంట్లోవాళ్ళతో రైలెక్కినాను. మోచేతుల దాకా గ్రీజు. బోరింగు చన్నీళ్ళకి అది ఊడి చస్తేగా. వేడినీళ్ళూ బట్టల సోడా తగిలితే గ్రీజు ఇట్టే ఊడుతుందని వర్క్‌షాపోడికి ఒకరు చెప్పాలా? జేబులో సోడా పొట్లం ఉండనే ఉంది. నాన్న సామాన్లు సర్దుకుంటున్నాడు. నేను పోయి, కాళ్ళు పెట్టుకునే చిన్న గుండంలో చేతులు ముంచి బరబరా తోమేసినాను. హాయిగా ఊడింది. తలెత్తేసరికి నీళ్ళ మీద నల్లటి తెట్టు. అవతలి మెట్టు మీద అత్త. జనం పల్చబడేదాకా ఆగి, అప్పుడే వచ్చినట్టుంది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చాపిన కాలు మెల్లిగా వెనక్కి తీసుకుంది.

"ఏటి నాయనా ఇది? అన్నం గిన్నెలో కూడా ఇలాగే సేతులు కడుగుతావేటి?" అంది. కోప్పడినా బాగుణ్ణు.

నాన్న తువ్వాలు నా మీదకి విసిరినాడు. తెట్టు తువ్వాలుతో ఎత్తి పిండినాను, ఎత్తినకొద్దీ అది పరుచుకుంది. నా చేతులంటే నాకే రోత పుట్టింది. ఊటనీరే కదా, రెండు గంటల్లో తేరుకుంటుందన్నాడు అక్కడ కాపలా కాసే బెంగాలీ దాదా. స్టేషనుకెళ్ళే తిరుగు బస్సుకి ముప్పావుగంటే ఉంది. పెద్ద గుండాల మెట్లు ఆ మోకాళ్ళతో అత్త దిగలేదు. "వచ్చే ఏడు వద్దాంలే అక్కా" అన్నాడు నాన్న. అత్త పొడి కాళ్ళకి చెప్పులు తొడుక్కుని బస్సెక్కింది.

ఇదంతా పక్కింటి కోడలికి చెప్పినాను. ఆ పిల్ల సీసా వెనక్కి తీసుకుని మూత బిగించింది. "మరి వచ్చే ఏడు తీసుకెళ్ళినారా మావయ్యా?" అంది.

మళ్ళీ చలికాలం రాకముందే అత్త పోయింది. ఆ నీళ్ళు తేరుకోడానికి రెండు గంటలు చాలునట. నాకు నలభై ఏళ్ళు చాల్లేదు.