నాలుగో చరణం

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. మాది పెనుకొండ దగ్గర పల్లెలో క్రైస్తవ కుటుంబం. పోయినవాళ్లు దేవుని దగ్గర విశ్రాంతిలో ఉంటారని వింటూ పెరిగాను. దారిలో తెల్లచీర కనిపించిందని ఎవరైనా చెబితే, అది ధర్మవరం పట్టా, మామూలు నూలా అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు నన్ను ఎవరైనా ఎగతాళి చేస్తే పడాల్సిందే.

పెళ్లయి ధర్మవరం వచ్చాక పాటే నా పని అయింది. ప్రార్థన కూడికల్లో పాడతాను, పిలిస్తే స్టూడియోలకు వెళ్లి పాడి వస్తాను. స్టూడియో అంటే నాకు భయమూ లేదు, మోజూ లేదు.

పాట నేర్పింది నాయన. మా చర్చిలో పాటలు అందించేది ఆయనే. అందించడం అంటే ఏమిటో చెప్పాలి. మా సంఘంలో చాలామంది ఆడవాళ్లకు చదువు రాదు. అందుకని ఒక పంక్తి పాడుతుండగానే తరువాతి పంక్తిని నాయన గబగబా మాటల్లో చెప్పేసేవాడు. అది విని అందరూ కాస్త ఆలస్యంగా ఎత్తుకునేవాళ్లు. కొత్తవాళ్లు వింటే మేము తాళం తప్పామనుకుంటారు.

పోయిన ఏడాది నాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. హాస్పిటల్లో ముక్కుకు గొట్టం వేశారు, నోటితో ఏమీ పెట్టకూడదన్నారు. ఆయన అమ్మ వైపు చూసి "ఆ... ఆ..." అనేవాడు. "ఆకలా?" అని అమ్మ అడిగేది. కాదని తల ఊపుతున్నాడో, తల దానంతట అదే వణుకుతోందో మాకు తెలిసేది కాదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారేవి. అట్లాగే పోయాడు.

ఆ రోజు నుంచి అమ్మకు ముద్ద దిగలేదు.

"మీ నాయన ఆకలి ఆకలి అంటా పోయినాడు పాపా. నేనెట్ల తినేది?" అనేది.

కంచం ముందు కూర్చుని రెండు మెతుకులు కతికి లేచిపోయేది. మనిషి సగమైంది. పాస్టరుగారు చెప్పారు, డాక్టరు చెప్పారు, నేను తిట్టి కూడా చూశాను. ఎవరి మాటా చెవికెక్కలేదు. ఇట్లాగే ఉంటే నాయన వెనకే అమ్మ కూడా పోతుందని నాకు గుబులు పట్టుకుంది.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. నాయన సొంతంగా కట్టిన పాట ఒకే ఒక్కటుంది, మూడు చరణాలు. దాన్ని రికార్డు చేసి ఆ రోజు వినిపిద్దామనుకున్నాను.

హిందూపురంలో బట్టల షాపు పైన చిన్న స్టూడియో ఉంది. నడిపే ఆయన పేరు కిరణ్, గుంటూరు వైపు మనిషి. ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నాయన చర్చిలో పాడినప్పుడు సెల్‌లో తీసిన రికార్డింగు ఆయనకు ముందే పంపాను. దాన్ని విని సంగీతం చేసి పెట్టాడు.

పట్టపగలే వెళ్లాను. మెట్లెక్కుతుంటే కింద షాపులో చీరల బేరాలు వినిపించాయి. లోపల గదిలో తలుపు వేస్తే బయటి శబ్దం ఒక్కటీ రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టాను. ఎన్నిసార్లు పాడినా రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. పాపం, కిరణ్ విసుక్కోలేదు. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని మళ్లీ నిలబడ్డాను.

ఈసారి పల్లవి పాడుతుండగా చెవిలో నాయన గొంతు వినిపించింది. తరువాతి పంక్తి అందిస్తున్నాడు. చర్చిలో లాగే గబగబా, చివరి అక్షరాలు మింగేస్తూ. నా అవస్థ చూసి కిరణ్ ఆ సెల్ రికార్డింగు కలిపాడనుకున్నాను. మనసులోనే ఆయనకు దండం పెట్టుకున్నాను. నాయన అందించాడు, నేను పాడాను. మూడు చరణాలూ సాఫీగా వచ్చేశాయి.

అక్కడితో పాట అయిపోయి ముగింపు ఫ్లూట్ రావాలి. ఫ్లూట్ వచ్చింది కానీ నాయన ఆగలేదు, ఇంకో పంక్తి అందించాడు. ఆలోచించే వ్యవధి లేదు. అందిస్తే ఎత్తుకోవడం చిన్నప్పటి అలవాటు. ఫ్లూట్ మీదే పాడేశాను.

ఆడ ఆకలుండదు, ఆడ దప్పికుండదు
ఆడ నేనుంటా, ఈడ నువ్వుండు
దిగులు పడాకు

పాట ఆగాక అద్దం అవతల నుంచి కిరణ్ మైకులో మాట్లాడాడు.

"నాలుగో చరణం ఉందని చెప్పలేదేంటండీ? బాగుంది. కానీ ఆ 'ఆడ' ఏంటండీ, ఆడమనిషా?"

"ఆడ అంటే అక్కడ. మీరు కలిపిన దాంట్లో నాయన అందించాడు కదా," అన్నాను.

"నేనేం కలపలేదండీ. మీ చెవిలో మ్యూజిక్ ఒక్కటే."

నేను నమ్మలేదు. ఇద్దరం కూర్చుని సెల్ రికార్డింగు మళ్లీ విన్నాం. మూడు చరణాలు, ఆ తరువాత ప్రార్థన. నేను పాడింది విన్నాం. నా గొంతు తప్ప వేరే గొంతు లేదు. కానీ ప్రతి పంక్తినీ కాస్త ఆగి ఆలస్యంగా ఎత్తుకున్నాను, అచ్చం మా చర్చిలో ఆడవాళ్ల మాదిరి. అంతకుముందు చెడిపోయిన టేకుల్లో ఆ ఆలస్యం లేదు. కిరణ్ దాన్ని సరిచేస్తానన్నాడు. ముట్టుకోవద్దన్నాను. నాకు భయం వేయలేదు. చర్చిలో అందరూ మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఒక్కోసారి గుండె నిండిపోతుంది, అట్లా అయింది.

రైల్లో ధర్మవరం పోవలసినదాన్ని పెనుకొండలో దిగి, ఆటోలో పల్లెకు పోయాను. అమ్మ వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఏమీ చెప్పకుండా పాట పెట్టాను. మూడు చరణాలు తల వంచుకుని వింది. నాలుగోది రాగానే చేతులు ఆగిపోయాయి.

"ఇంగోసారి పెట్టు," అంది. పెట్టాను.

"ఇది యాడిది పాపా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ సెల్ వైపే చూస్తూ పెదవులు కదిపింది. నాయన అన్నట్టే, "ఆ... ఆ..." అని.

"ఆడ ఆకలుండదు అంటాండె పాపా మీ నాయన. రెండు మాటలు చెప్తాండె. పాపిష్టిదాన్ని, నాకు ఒకటే వినిపించె," అని భోరున ఏడ్చింది. నాయన పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

నేను చాలా రకాలుగా ఆలోచించాను. హాస్పిటల్లో ఆ "ఆ... ఆ..." నేనూ విన్నదే. అమ్మ గురించిన దిగులే నా లోపల పాటయిందేమో అనుకున్నాను. కానీ నేను జన్మలో ఒక్క పంక్తి కట్టినదాన్ని కాదు. ఆ "ఆ..." 'ఆడ' అయ్యుండొచ్చని అంతవరకు నాకు తట్టనేలేదు. పైగా నాయన గొంతు నేను ఎరగనా? అది దేవుడి పనో, నా మనసు పనో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పను.

ఆ సాయంత్రం అమ్మ ముఖం కడుక్కుని వచ్చి, "సంగటి చేస్తా, తిని పో," అంది. రెండు ముద్దలు చేసింది. నా ముద్ద నేను ఇంకా సగం కూడా తినలేదు, అమ్మ తన కంచం ఖాళీ చేసి, "ఇంగొంచెం ఉండాదా?" అని తపేలా వైపు చూసింది.