మీరెవరి తాలూకా అండీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దాచుకుని చదివిన పుస్తకం ఒక్కటే. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, మీద పడితే ఎలా తప్పించుకోవాలి అని బొమ్మలు వేసి చెప్పే చిన్న పుస్తకం అది. మా నాన్నగారి చెల్లెలు, అంటే మా అత్త, నరసాపురం బస్టాండులో కొని కాలేజీ పుస్తకాల మధ్య పెట్టుకుని తెచ్చింది. అప్పుడు నేను ఐదో తరగతి. అత్త డిగ్రీ మొదటి సంవత్సరం.

మాది గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు. అత్త కాలేజీ, నా బడి అవతల ఒడ్డున నరసాపురంలో ఉండేవి. ఇద్దరం పొద్దున్నే పంటు మీద నది దాటి, సాయంత్రం మళ్ళీ పంటు మీదే వచ్చేవాళ్ళం. మనుషులు, సైకిళ్ళు, ఖాళీ చేపల బుట్టలు, ఒక్కోసారి గేదెలు కూడా కలిసి దాటే ఆ పెద్ద పడవ మీద నాకు పొద్దుపోయేదే తెలిసేది కాదు. అత్తకి మాత్రం ఆ ఏడాది సాయంత్రాలు బరువెక్కాయి. చారల చొక్కా వేసుకున్న ఒక మనిషి రోజూ మా వెనకే ఎక్కేవాడు. పంటు ఖాళీగా ఉన్నా వచ్చి అత్తని ఆనుకునే నిలబడేవాడు. ఆమె పక్కకి జరిగితే తనూ జరిగేవాడు. కూనిరాగం తీస్తూ, పడవ ఊగినట్టు నటిస్తూ భుజం తగిలించేవాడు. ఇవతల ఒడ్డున అతనికి పనేమీ లేదు. దిగకుండా అదే పంటులో వెనక్కి వెళ్ళిపోయేవాడు.

అత్త ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు కూడా తెలుసు. ఆడపిల్లని నది దాటించి చదివించడం అవసరమా అని బంధువులు అంటున్నా, మా తాతయ్య ఎలాగో ఒప్పుకున్నారు. ఈ సంగతి ఆయన చెవిన పడితే ఆ మనిషికి జరిగేదేమీ ఉండదు, అతనెవరో ఎవరికీ తెలియదు కనుక. అత్త చదువు మాత్రం మర్నాటితో ఆగిపోతుంది. అందుకే ఆమె ఆ పుస్తకాన్ని నమ్ముకుంది.

పశువుల పాక వెనక మా సాధన సాగేది. నేను దుండగుణ్ణి. అత్త పుస్తకాన్ని గడ్డిమేటుకి ఆనించి, ఒక కన్ను బొమ్మ మీద, ఒక కన్ను నా మీద పెట్టి నా మణికట్టు తిప్పేది. దుండగుడు కుడిచేత్తో పట్టుకోవాలని పుస్తకంలో ఉండేది. నేను మరిచిపోయి ఎడమచేత్తో పట్టుకుంటే ఆమెకి ఏం చెయ్యాలో తోచేది కాదు. మళ్ళీ మొదటి నుంచి. అయినా ఆ పుస్తకంలో పనికొచ్చే సంగతులు లేకపోలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడమని, కేక వేస్తే కడుపులోంచి వెయ్యమని, ఎక్కడికి వెళ్ళినా చుట్టూ ఎవరున్నారో ముందే చూసుకోమని చెప్పేది.

ఒక ఆదివారం అత్త తిప్పిన తిప్పుకి నేను గడ్డిలో పడ్డాను. లేచి చూస్తే మా మామ్మ, అంటే అత్తకి అమ్మ, పేడ తట్టతో నిలబడి ఉంది.

"ఏంటే, కన్నపిల్లలా చూసుకునే దాన్ని ఇలా విసిరేస్తున్నావు?" అంది అత్తతో.

అత్త ఏడుస్తూ అంతా చెప్పేసింది. కాలేజీ పోయినట్టేననుకున్నాను. మామ్మ పేడ తట్ట కింద దింపింది. చేతులు కడుక్కుని వచ్చి, కుడితి గోలెం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. "చదవ్వే, ఏం రాశాడో వింటాను" అంది నాతో.

నేను మొదటి పేజీ నుంచి చదివాను. రేడియోలో హరికథ విన్నంత శ్రద్ధగా విన్నది. ప్రత్యర్థి కోటు కాలరు పట్టుకుని ముందుకు లాగవలెను అన్నచోట నన్ను ఆపింది.

"మన రేవులో కోటు వేసుకునేదెవరే? అవతల నరసాపురం రైలు స్టేషను మాస్టారుగారు తప్పితే. పాపం ఆయన్ని పట్టుకు లాగుతారా?"

ఏడుస్తున్న అత్త నవ్వేసింది. ఇంకా కొన్ని పేజీలు సాగాక, ఆపదకు ముందే చుట్టుపక్కలవారి దృష్టిని మనవైపు తిప్పుకొనవలెను అన్న వాక్యం వచ్చింది. మామ్మ అది మళ్ళీ చదివించుకుంది.

"ఇది బాగుంది. అయితే తిప్పుకోవాల్సింది నీవైపు కాదు, వాడివైపు" అంది. "నువ్వు తిట్టావనుకో, తగువవుద్ది. తగువయితే రేవంతా మన ఇంటి గురించి మాట్లాడుకుంటారు. తిట్టకు. వాడి మొహం చూసి, అందరికీ వినపడేలా, మర్యాదగా అడుగు. మీరెవరి తాలూకా అండీ, ఏ ఊరండీ అని. మిగతాది పంటు మీదున్నవాళ్ళు చూసుకుంటారు."

మా వైపు ఆ ప్రశ్న అడగని మనిషి ఉండడు. కొత్త మొహం కనపడితే చాలు, ఏ ఊరు, ఎవరింటి వాళ్ళు, ఇంటిపేరేమిటి అని మొదలుపెట్టి, ఎక్కడో ఒకచోట చుట్టరికం తేలేదాకా వదలరు. ఆ అలవాటు నాకు విసుగ్గా ఉండేది. దానితో మనిషిని కాపాడుకోవచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి అత్తా మామ్మా కలిసి నా తలకి తాతయ్యగారి తువ్వాలు చుట్టి నన్ను చారల చొక్కా మనిషిని చేశారు. అత్త కాళ్ళు ఎడంగా పెట్టి, కడుపులోంచి గొంతు తెచ్చి నన్ను అడిగేది. మొదట్లో "అండీ" దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడిపోయేది. మామ్మ గేటు దగ్గర నిలబడి, "నాకు వినపడలా" అనేది. అరుగు మీంచి తాతయ్య "ఏంటి ఆ గోల?" అని అడిగితే, "కాలేజీలో నాటకం అంటండి" అంది మామ్మ, తడుముకోకుండా.

మంగళవారమో బుధవారమో, అత్త గొంతు కుదిరాక, అతను ఎప్పటిలాగే మా వెనకే ఎక్కాడు. పంటు కదిలింది. అత్తని ఆనుకుని నిలబడ్డాడు. అత్త ఈసారి పక్కకి జరగలేదు. నా చెయ్యి వదిలి, కాళ్ళు ఎడం చేసి, అతనికేసి తిరిగింది.

"ఏమండీ, మీరెవరి తాలూకా అండీ?"

ఇంజను చప్పుడులో కూడా ఆ గొంతు ఆ చివరిదాకా వినపడింది. అతను అటూ ఇటూ చూసి, "నన్నేనా?" అన్నాడు.

"మిమ్మల్నేనండి. రోజూ మా పక్కనే నిలబడతన్నారు కదండీ. ఏ ఊరండీ మీది?"

అతను నీళ్ళకేసి తిరిగాడు. బుట్ట మీద కూర్చున్న చేపలమ్మే ఆవిడ ఊరుకోలేదు. "చెప్పండి బాబూ, అమ్మాయిగారు అంత మర్యాదగా అడుగుతుంటే నోరిప్పరేంటి?" అంది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఇక తప్పక, మొగల్తూరని గొణిగాడు.

ఆ మాట వినగానే, సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన మొహం వికసించింది. ఆయనకి అసలు సంగతేమీ తెలియదు. "ఆయ్, మాదీ మొగల్తూరేనండి. మొగల్తూరులో ఎవరబ్బాయండి మీరు?" అని సైకిలుతో సహా దగ్గరికి వచ్చేశాడు. ఇంటిపేరు అడిగాడు. వీధి అడిగాడు. అంతమంది చూస్తుండగా అతను తండ్రి పేరు చెప్పక తప్పలేదు.

"ఓరి, ఆయనబ్బాయా మీరు. నాన్నగారు నాకు బాగా కావలసినవారండి. రేపు సంతలో కనపడతారు. రోజూ సాయంత్రం పంటు మీద ఈ అమ్మాయిగారి పక్కనే ఉంటన్నారంట అని చెప్తాను."

పెద్దాయన సంతోషంగానే అన్నాడు. అతని మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. మెల్లగా జనంలోంచి తప్పుకుని గేదెల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చేపలావిడ అత్తకేసి చూసి, ఏమీ అడగకుండా, తన బుట్టలు జరిపి మా ఇద్దరికీ చోటిచ్చింది. ఆ తర్వాత ఆ చొక్కా మాకెప్పుడూ కనపడలేదు.

అత్త భయం అప్పటికీ తీరలేదు. ఆ మాట ఆ నోటా ఈ నోటా తాతయ్యకి చేరకుండా ఉండదు. చేరింది కూడా. రెండు రోజుల తర్వాత ఆయన రేవు నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. "మనమ్మాయి పంటు మీద ఎంత పద్ధతిగా మాట్లాడుతుందో అని రేవులో అంతా చెప్పుకుంటున్నారు. చదువుకుంటే మాట తీరే వేరు" అన్నారు. అత్త తల ఎత్తలేదు. "చదివించండి మరి" అంది మామ్మ, ఆయన పళ్ళెంలో పులుసు వడ్డిస్తూ. అత్త డిగ్రీ పూర్తి చేసింది. తర్వాత కాకినాడలో ఉద్యోగమూ చేసింది.

ఇప్పుడు నా వయసు అప్పటి మామ్మ వయసు దాటింది. మోకాళ్ళు సహకరించకపోయినా బస్సు ప్రయాణాలు మానలేదు. ఏ ఆడపిల్లయినా నిలబడ్డ చోటే ఇబ్బందిగా పదే పదే జరుగుతూ కనపడితే, నేను ఆమె వెనకనున్న మనిషి జోలికి పోను. "ఏ ఊరమ్మా మీది? ఎవరమ్మాయివి? ఇలా రా, నా పక్కన కూర్చో" అని బస్సంతా వినపడేలా పిలుస్తాను. చాలామంది నన్ను వాగుడుకాయ ముసలమ్మ అనుకుంటారు. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, తన ఊరి పేరు చెబుతుంది.