సప్పుడు లేని బండి

మద్దూరు నుంచి సిద్దిపేటకు పోయే దారిలో బాలమణి వ్యాను వస్తోందని తెలుసుకోవడానికి తల తిప్పి చూడక్కర్లేదు. అది మలుపు అవతల ఉండగానే చెవికి తెలిసేది. గుంతలో దిగితే కిర్రుమనేది, గుంత ఎక్కితే కుయ్యిమనేది. స్పీడ్ బ్రేకరు వస్తే ముందు చక్రాలు ఒక పాట, వెనక చక్రాలు ఇంకో పాట. చేర్యాలలో టీ కొట్టు అతను ఆ చప్పుడు వినే మా ముగ్గురికీ చిన్న గ్లాసులు కడిగి పెట్టేవాడు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ని. అద్దాలు, సీట్లు, టాపు మీద సామాను, అన్నీ మోగే బస్సుల్లో నిలబడి టిక్కెట్లు కొట్టాను. చప్పుళ్లు నాకు లెక్క కాదు. నాకు కోపం తొందరగా వస్తుంది, నోరు అంతకంటే తొందరగా లేస్తుంది, అది వేరే సంగతి. కానీ డయాలసిస్ అయ్యాక ఆ కిర్రు వింటే నాలాంటివాడికి కూడా ఏడుపొచ్చేది. నాలుగు గంటలు రక్తాన్ని మిషనులో తిప్పి పంపిస్తారు. కాళ్లు పీకుతాయి, తల దిమ్మెక్కుతుంది. అలాంటి తలతో గంటన్నర సేపు ఆ వ్యానులో కూర్చోవాలి.

నేను, నేత పని చేసే అంజన్న, పెంటవ్వ. మంగళ, గురు, శనివారాలు మా ముగ్గురినీ పొద్దున్నే ఎక్కించుకుని సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లి, మధ్యాహ్నం తిరిగి ఇళ్ల దగ్గర దించేది బాలమణి. ఆమె మొగుడు మగ్గాల పనికి భివండి పోయాడు. పోతూ పోతూ పాత వ్యానును ఇంటి ముందు వదిలేసి పోయాడు. బాలమణి అప్పటికి పదేళ్లుగా జాకెట్లు కుట్టేది. ఒకరోజు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, వ్యాను తాళం తీసుకుని, బడి మైదానంలో పదిహేను రోజులు తిప్పి నేర్చుకుంది. గోడ మీద కూర్చుని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆమె వేసే గేరు మీదే నా బతుకు నడుస్తోంది.

ఇంతకుముందు మేం నలుగురం. నాలుగో మనిషి కాశీనాథం. చలికాలంలో ఒకసారి ఒంట్లో బాగాలేదు, రానన్నాడు. రెండోసారి కూడా రానన్నాడు. బాలమణి గుమ్మం దగ్గర హారను కొట్టి, సరేలే అని బండి ముందుకు పోనిచ్చింది. మూడోసారికి ఆయన లేడు. ఆ రోజు నుంచి ఆమె 'సరేలే' అన్న మాట వాడగా నేను వినలేదు.

అందుకే ఆ శనివారం పెంటవ్వ వ్యాను దిగుతూ అన్న మాటకు నాకు భయం వేసింది. దారంతా రెండు చేతులతో చెవులు మూసుకుని వచ్చింది. ఇంటి ముందు దిగి, తలుపు పట్టుకుని నిలబడి చెప్పింది.

"మంగళారం నా కోసం ఆగకు బిడ్డా. గీ సప్పుడు నాతోని కాదు. ఎన్నొద్దులు బతికితే గన్నొద్దులే."

చప్పుడు ఒక్కటే కారణం కాదని మా అందరికీ తెలుసు. సూదులు, అలసట, ఇంట్లో వాళ్ల విసుగు, దప్పిక, అన్నీ కలిసి ఆ కిర్రులో చేరాయి. నేను దులపడానికి నోరు తెరిచాను. బాలమణి చెయ్యి అడ్డం పెట్టింది.

"మంగళారం సప్పుడు లేని బండి తీస్కొస్త అవ్వా. గప్పుడు మాట్లాడుదం."

మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ఆమె వ్యానును సిద్దిపేటలో నాగేశ్ షెడ్డుకు తీసుకెళ్లింది. నేనూ వెంట పోయాను. నా పెద్దరికం లేకుండా బండి ఎలా బాగవుతుందని నా నమ్మకం.

నాగేశ్ బండిని జాకీల మీద ఎత్తి, కిందికి దూరి, కాసేపటికి నవ్వుతూ బయటికి వచ్చాడు. చక్రాన్ని బండికి కలిపి పట్టే ఇనుప చేయి ఒకటి ఉంటుంది. అది కీలు తిరిగే చోట ఇనుముకు ఇనుము తగలకుండా రబ్బరు బుష్షు పెడతారు. అతని చేతిలో ఆ బుష్షు ఉంది. నల్లగా, జిడ్డుగా, పెరుగులో నానిన గారెలాగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది.

"దీని మీద డీజిల్ ఎవలు కొట్టమన్నరక్కా?" అని అడిగాడు.

నా చెవులు వేడెక్కాయి. కొట్టమన్నది నేనే. మా వైపు బండి కడిగించిన ప్రతిసారీ కింది నుంచి డీజిల్ చిమ్మించడం మామూలే. డిపోలో ముప్ఫై ఏళ్లు చూశాను కాబట్టి మొదటిసారి కిర్రు వినగానే నేనే సలహా ఇచ్చాను. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉండేది. మూడో రోజు మళ్లీ మొదలయ్యేది. అప్పుడు మళ్లీ కొట్టించమనేవాణ్ని. అలా ఆరు నెలలు. డీజిల్ ఇనుముకు తుప్పు పట్టకుండా చూస్తుందేమో కానీ రబ్బరును తినేస్తుందట. చప్పుడు తగ్గుతోందని మేం సంబరపడుతుంటే లోపల బుష్షు కుళ్లిపోతూ వచ్చిందన్న మాట. పెంటవ్వ చెవులు మూసుకున్న చేతులు గుర్తొచ్చాయి.

బాలమణి నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే కొట్టించిన, తెల్వక" అంది. ఆ షెడ్డులో నన్ను నలుగురి ముందు నిలబెట్టి కడిగేసినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు.

కొత్త బుష్షులు నాలుగు తెచ్చారు. ఈసారి నూనె చుక్క తగలనివ్వకుండా, సబ్బు నీళ్లు రాసి లోపలికి జరిపాడు నాగేశ్. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు గట్టిగా బిగించి జాకీలు దించాడు. తిరుగు దారిలో వ్యానులో మేమిద్దరమే. చేర్యాల దాకా ఒక్క కిర్రు లేదు. టీ కొట్టు అతను మేం దిగి ముందుకొచ్చి నిలబడే దాకా మమ్మల్ని చూడలేదు. నాకు పండగలా ఉంది. ఆమెకు లేదు.

"ఖాళీ బండి సంగతి కాదు కండక్టర్ సాబ్, మనుషులు కూసుంటే ఎట్లుంటదో చూడాలె" అని, ఊళ్లోకి రాగానే అంజన్నను, అతని భార్యను, ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని చెరువు రోడ్డు మీద తిప్పింది. మొదటి స్పీడ్ బ్రేకరు మీదే వచ్చింది. ముందుకంటే సన్నగా వచ్చింది, ముందుకంటే పదునుగా కూడా.

అక్కడికక్కడే నాగేశ్‌కు ఫోను చేసింది. కొత్త రబ్బరు కదా, వారం పది రోజులు తిరిగితే అదే కుదురుకుంటుందని అతని జవాబు. వారం పది రోజుల్లో పెంటవ్వ ఏమవుతుందో మాకు తెలుసు. బాలమణి ఫోను పెట్టేసి, వ్యాను తోలుకుని ఇంటికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి వ్యాను ఊరి బయట ఎండిపోయిన పిల్ల కాలువ మీద ఉంది. ఎడమ చక్రాలు ఒక గట్టు మీద, కుడి చక్రాలు ఇంకో గట్టు మీద, కాలువలో బాలమణి. వెనక సీట్లో రెండు బియ్యం మూటలు. నన్ను తలుపు దగ్గరి మెట్టు మీద ఎక్కమంది, దిగమంది, మళ్లీ ఎక్కమంది. డయాలసిస్ సూదులు గుచ్చే నరం నా ఎడమ చేతిలో ఉంది, దాని మీద బరువు పెట్టకూడదు. కాబట్టి కుడి చేత్తో పట్టుకుని కోతిలా ఎక్కి దిగుతూ ఉన్నాను. నేను ఎక్కినప్పుడల్లా బండి కిర్రుమంటోంది. ఆమె కింద సీసాతో ఒక్కో కీలు మీద నీళ్లు పోసి చెవి పెట్టి వింటోంది. రబ్బరు తడిస్తే కాసేపు ఊరుకుంటుంది, దాంతో ఏది అరుస్తోందో దొరికిపోతుంది. రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడనివాణ్ని, ఆ ఇనుము మీద సీసాల కొద్దీ పోస్తుంటే నాలుక ఎండిపోయింది.

అరుస్తున్నవి కొత్త బుష్షులే. నాలుగూ. ఇక చేసేదేముందని నేను గట్టు మీద చతికిలబడ్డాను. పెంటవ్వకు ఏదో ఒకటి చెప్పి ఎక్కిద్దామన్నాను. ఆమె వినిపించుకోలేదు. కాలువలో నిలబడి ఆ ఇనుప చేయి వైపే చాలా సేపు చూసింది. తర్వాత పైకి వచ్చి, నన్ను లేచి నిలబడమని, కుడి చెయ్యి పైకెత్తమంది. ఎత్తాను. చంక దగ్గర నా చొక్కా గుడ్డను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఇప్పుడు దించు."

చెయ్యి దిగలేదు. గుడ్డ భుజం దగ్గర పట్టేసింది, కుట్టు పటపటమంది.

"చెయ్యి లేపి కొలత తీసి కుట్టిన జాకెట్టు గిట్లనే గుంజుతది" అంది. "నాగేశ్ చక్రాలు ఏలాడదీసి బోల్టులు బిగించిండు. మనం కూసోంగనే బండి దిగి ఆ ఇనుప చెయ్యి కదులుతది, లోపట రబ్బరు మెలి తిరిగి మొత్తుకుంటది."

మళ్లీ ఫోను చేసింది. బరువు మీద ఉండగా బిగించాలన్నదే అసలు పద్ధతి అక్కా, తొందరలో అందరం జాకీ మీదనే బిగిస్తాం అని ఈసారి నాగేశ్ ఒప్పుకున్నాడు. ఎంత గట్టిగా లాగాలో, ఏ నంబరు పానా కావాలో చెప్పాడు. ఆమె ట్రాక్టర్లు బాగుచేసే అతని దగ్గరి నుంచి పొడుగాటి పానా తెచ్చింది.

ఇంకేం, మూటలు బండిలోనే ఉన్నాయి కదా, బిగించెయ్యి అన్నాను.

"మూటలు దవాఖానకు పోతయా?" అంది. "రోజూ ఎవలు కూసుంటరో ఆళ్లే కూసోవాలె. పొద్దుగాల బిగిస్త."

మంగళవారం తెల్లవారుతుండగా నన్నూ అంజన్ననూ మా మామూలు చోట్లలో కూర్చోబెట్టుకుని, వ్యాను పెంటవ్వ ఇంటి ముందు ఆపింది. చప్పుడు మునుపటిలాగే ఉంది. ఇంకా బిగించలేదు కదా. పెంటవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. మూడు రోజుల నీళ్లు ఒంట్లో చేరి ముఖం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. వ్యానును చూసి ముఖం తిప్పుకుంది.

"సప్పుడు పోయిందంటివి" అంది.

"పోలే. నువ్వు కూసుంటెనే పోతది. దవాఖానకు రమ్మంటలేనవ్వా. కాల్వ దాంక వచ్చి బండిల కూసో. నీ బరువు గావాలె."

పెంటవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. దవాఖానలో మిషను ఎక్కించే ముందు మమ్మల్ని తూకం వేస్తారు. నీళ్లు తాగి బరువు పెరిగితే నర్సులు మందలిస్తారు. అందరిలోకీ ఎక్కువ మాటలు పడేది పెంటవ్వే. ఆ కాటా ముందు ఆమె తల వంచుకుని నిలబడడం రెండేళ్లుగా చూస్తున్నాను.

"రెండేండ్ల సంది నీ బరువు ఎక్వైందనెటోళ్లే గని, కావాలన్నోళ్లను నిన్నే చూస్తున్న" అంది. మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది.

కాలువ మీద వ్యాను నిలిపి బాలమణి పానాతో కిందికి దిగింది. పెంటవ్వ తన కిటికీ పక్కన, అంజన్న ఆమె వెనక, నేను ముందు. కదలొద్దని కింది నుంచి కేక వేసింది. ముందు నాలుగు బోల్టులూ వదులు చేసింది. బండి మా కింద చిన్నగా సర్దుకుని కుదురుగా కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే బిగించింది. ఆమె మూలగడం, పానా జారడం, మళ్లీ పట్టడం వినబడుతూనే ఉన్నాయి. మూడో బోల్టు దగ్గర చాలా ఆలస్యమైంది. దిగి సాయం చేద్దామంటే కదలొద్దని ఆజ్ఞ. నా జన్మలో అంత కదలకుండా, అంత నోరు మూసుకుని కూర్చున్నది ఎన్నడూ లేదు. పెంటవ్వ ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఊపిరి కూడా బరువు తప్పుతుందన్నట్టు బిగపట్టి కూర్చుంది.

బాలమణి పైకి వచ్చేసరికి వేళ్ల మీద తోలు లేచిపోయి ఉంది. చీర కొంగుకు తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చుని, చెరువు రోడ్డు వైపు తిప్పింది. స్పీడ్ బ్రేకరు వచ్చింది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఇంజను మోత తప్ప ఏమీ లేదు. ఆమె నమ్మక వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించింది. అంజన్న కళ్లు తుడుచుకున్నాడు, నేను దగ్గు వచ్చినట్టు నటించాను.

అన్న మాట ప్రకారం పెంటవ్వ ఇంటి ముందు వ్యాను ఆపింది. వెనక్కి తిరగలేదు, రమ్మని అడగలేదు. చేతులు మాత్రం స్టీరింగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పెంటవ్వ దిగలేదు.

"కండక్టర్ సాబ్" అంది పెంటవ్వ చివరికి. "నా సంచి దండెం కింద ఉంటది. అండ్ల దుప్పటి ఉందో లేదో చూసి పట్కరా."

నేను పరుగెత్తాను. నా వయసుకు, నా ఒంటికి దాన్ని పరుగే అనాలి. సంచి ముందే సర్ది ఉంది. దుప్పటి, దవాఖాన కాగితాలు, చిన్న నీళ్ల సీసా. తెచ్చి ఒళ్లో పెడుతూ, ఆ డీజిల్ కొట్టమన్నది నేనేనని చెప్పేశాను. ఎందుకో దాచుకోబుద్ధి కాలేదు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా, చేర్యాల దాకా.

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే పెంటవ్వ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ వ్యానులో ఆమె నిద్రపోవడం నేను చూడడం అదే మొదలు. ఇంటి ముందు బాలమణి లేపితే గానీ లేవలేదు. సంచి తీసుకుని, మెట్టు దిగి, రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. తన సీటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"గురారం నా జాగల ఎవ్వలను కూసోబెట్టకు బిడ్డా" అంది. "మళ్ల బోల్టులన్ని ఇప్పాల్సొస్తది."